ఏడో పూత

"అది గాల్లో ఉండగా తోక ఊడిపోతే?"

కుట్టుపిన్ని ఈ మాట ఎవరితోనూ అనలేదు. చేతిలోని టీ ఫ్లాస్కుతో అన్నట్టు అంది. పొద్దున్నే, షెడ్డు తలుపుకు ఇంకా తాళం తీయకముందే అంది. ముందు నడుస్తున్న కూతురు వెనక్కి తిరగలేదు. తొమ్మిదేళ్లుగా వింటోంది ఇలాంటివి. ఇంజను ఆగిపోతే, పక్షి వచ్చి కొడితే, చక్రాలు బయటికి రాకపోతే, కెప్టెనుకు పైన ఉండగా గుండెనొప్పి వస్తే. తల్లి దగ్గర ఇవి ఎప్పుడూ నిల్వ ఉంటాయి, రోజుకొకటి తీస్తుంది. తోక ఊడిపోవడం మాత్రం కొత్తది.

"పొద్దున్నే మొదలెట్టకమ్మా," అని తాళం తిప్పింది.

ఎల్లుండి ఆదివారం. ఆ ఆదివారం కోసమే ఈ కథ ఇన్ని వారాలుగా నడుస్తోంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఒక సాయంత్రం ఏడుగురు మనుషులు నాలుగింజన్ల బాంబరు ఎక్కి సముద్రం మీదికి వెళ్లారు. తిరిగి రాలేదు. వాళ్ల విమానమూ దొరకలేదు. దానికి కవల లాంటిది ఒకటి యుద్ధం అయ్యాక తుక్కు కింద అమ్ముడుపోయి, ఎవరిదో పొలంలో అరవై ఏళ్లకు పైగా కోళ్లగూడుగా పడి ఉంది. తొమ్మిదేళ్ల కిందట దాన్ని మూడు లారీల్లో ఈ షెడ్డుకు తెచ్చారు. ఆ ఏడుగురి పేర్లు దాని ముక్కు పక్కన రాసి, వాళ్లు వెళ్లిన తేదీనాడు ఒక్కసారి ఎగరేయాలని షెడ్డువాళ్ల పట్టుదల. ఆ ఏడుగురిలో ఇంజన్ల మీటర్ల ముళ్లు చూసే పనిమీద కూర్చున్నవాడు కుట్టుపిన్నికి తాత, ఆమె తల్లికి తండ్రి. ఆ తల్లికి నాన్న అనే మాట పలకడం వచ్చేనాటికి పిలవడానికి మనిషి లేడు. ఇప్పుడు అలాంటి మడత కుర్చీలోనే, అలాంటి ముళ్ల ముందే, ఆదివారం కూర్చోబోయేది కుట్టుపిన్ని కూతురు. నాలుగు ఇంజన్లూ విప్పి మళ్లీ బిగించిన మనిషి ఆమే కాబట్టి ఆ కుర్చీ ఆమెదేనని ఆదివారం విమానం నడపబోయే కెప్టెను తేల్చేశాడు.

కిందటివారం మనం ఆగేసరికి విమానం ఎగరడానికి కావలసిన కాగితాలన్నిటి మీదా సంతకాలు పడ్డాయి, ఒక్కదాని మీద తప్ప. తోకపలక తూచాకే ఆ ఒక్కటీ పెడతానని విమానాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరు ఫోన్‌లో చెప్పాడు.

విమానం తోకకు అటూ ఇటూ రెండు చిన్న రెక్కలుంటాయి. వాటి వెనక, తలుపును బందులకు తగిలించినట్టు, ఊగే పలక ఒకటి చొప్పున ఉంటుంది. ముక్కు పైకి లేవాలన్నా కిందికి దిగాలన్నా ఆ పలకలే తిరగాలి. లోపల రేకు ఎముకలు, పైన గుడ్డ. ఆ గుడ్డను మైనం పట్టించిన దారంతో, మూరెడు సూదితో, రెండేసి అంగుళాలకు ఒక ముడి వేస్తూ కుట్టింది కుట్టుపిన్ని. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, ముప్పై ఏళ్లు స్కూలు యూనిఫారాలు కుట్టిన చెయ్యి అది. రెండంగుళాలు మరీ దూరమని, అంగుళానికొక ముడి వేస్తానని ఆమె మొదట్లో వారం రోజులు పోట్లాడింది. విమానం మరమ్మతుల పుస్తకంలో రెండని ఉంది, రెండే అని కూతురు గట్టిగా చెప్పింది. పుస్తకం రాసినవాడి కూతురు దాంట్లో ఎక్కుతోందా అని పిన్ని అడిగింది, అడిగి రెండంగుళాలకే కుట్టింది.

ఇన్‌స్పెక్టరు తొమ్మిదింటికి వచ్చాడు. సన్నగా, మడత నలగని చొక్కాలో, తన కొలతల పెట్టె తనే మోసుకుంటూ వచ్చాడు. పిన్ని టీ పోసి ఇచ్చింది. ఆయన థాంక్స్ చెప్పి గ్లాసు కిటికీలో పెట్టాడు. సంతకం అయ్యేదాకా ఆయన ఏ షెడ్డులోనూ టీ తాగడు. ఆ సంగతి అందరికీ తెలుసు. తెలిసి కూడా పిన్ని ప్రతిసారీ పోస్తుంది, ప్రతిసారీ అది చల్లారిపోతుంది, ప్రతిసారీ ఆమెకు ఒళ్లు మండుతుంది.

ఎడమ పలక పరీక్ష ఎప్పుడో అయిపోయింది. ఇది కుడిది. దాన్ని నలుగురు కలిసి పసిబిడ్డను ఎత్తినట్టు ఎత్తి, బందుల దగ్గర రెండు సన్నటి అంచుల దిమ్మెల మీద నిలబెట్టారు. ముందు వైపు సీసం, వెనక వైపు గుడ్డ. రెండూ సరిపోతే పలక తక్కెడలా సమంగా నిలవాలి. ఇన్‌స్పెక్టరు చెయ్యి తీశాడు.

పలక ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, నెమ్మదిగా వెనక్కి వాలిపోయింది.

ఆయన మళ్లీ ఎత్తి వదిలాడు. మళ్లీ వాలింది. షెడ్డు తలుపులు మూయించి, ఫ్యాను ఆపించి, ఇంకోసారి వదిలాడు. అదే వాలు. వెనక అంచుకు చిన్న స్ప్రింగు త్రాసు తగిలించి పైకి లాగి, అద్దాలు నుదుటి మీదికి నెట్టి అంకె చదివాడు. రెండు వందల డెబ్బై గ్రాములు ఎక్కువ.

ఇంత పెద్ద విమానానికి పావుకిలో ఒక లెక్కా అని పిన్ని అడిగింది.

"ముందు బరువు ఎక్కువైతే ఫరవాలేదమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వెనకైతే కుదరదు. వేగం అందుకున్నాక ఇది దండెం మీద గుడ్డలా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. మొదలైందంటే పైలట్ చేతుల్లో ఏం ఉండదు. మూడు నాలుగు సెకన్లలో తోక పోతుంది."

పొద్దున తల్లి అన్న మాట కూతురికి గుర్తొచ్చినట్టు లేదు. ఆమె కళ్లు ముందు వైపు సీసం పెట్టే జేబు మీద ఉన్నాయి. అక్కడ ఇంకొంచెం కూరితే సరిపోదా అని అడిగింది. ఆయన ఆ జేబులో వేలు పెట్టి చూపించాడు. నిండిపోయింది. ఇంకో చోట పెట్టడానికి పుస్తకం ఒప్పుకోదు. బరువు ఎక్కడ పెరిగిందో కనిపెట్టి, అక్కడే తగ్గించాలి. ఆ మాట చెప్పి పెట్టెలోంచి ఎర్ర చీటీ తీసి, తేదీ వేసి, పలకకు కట్టేశాడు.

తొమ్మిదేళ్లు. పలకకు ఒక్క బందు దొరక్క పదకొండు నెలలు ఆగిన రోజులున్నాయి. దొరికిన బందు తుప్పు పట్టి ఉంటే మళ్లీ వెతికిన రోజులున్నాయి. వానకు షెడ్డు కప్పు కారి, రెక్క లోపల నీళ్లు నిలిచి, రెండేళ్ల పని తిరగదోడిన రోజులున్నాయి. అవన్నీ దాటి వచ్చి, ఇంకో రెండు రోజులనగా, అరచేతిలో ఇమిడే బరువు దగ్గర ఆగిపోవడం. కూతురు చేతిలోని స్పానరును బల్ల మీద పెట్టబోయి విసిరేసింది. అది బల్ల దాటి కింద పడి చాలా దూరం దొర్లింది. ఎవరూ తీయలేదు.

పలకకు రెండే పనులు జరిగాయి. రేకు పని, గుడ్డ పని. గుడ్డ మీద పూసే మందును డోపు అంటారు. ఘాటు వాసన, లక్కలాంటి జిగురు. అది ఆరేకొద్దీ గుడ్డ డప్పులా బిగుసుకుంటుంది. ఎన్ని పూతలు వేశారో, ఏ రోజు వేశారో రాయడానికి ప్రతి పలకకూ ఒక కార్డు ఉంటుంది. పూత వేసినవాళ్ల సంతకం ఒకటి, పక్కన నిలబడి చూసినవాళ్ల సంతకం ఒకటి. ఇన్‌స్పెక్టరు కార్డు అడిగాడు. కూతురు తెచ్చి ఇచ్చింది.

"ఐదు పూతలు. అయిదింటికీ పక్కన నేనున్నాను సార్. గుడ్డ పని మా అమ్మది, అందులో తేడా రాదు," అంది.

ఆ మాటతో తప్పు దానంతట అది నడుచుకుంటూ వెళ్లి రేకుల మేస్త్రి ముందు నిలబడింది.

రేకుల మేస్త్రి యాభై దాటిన మనిషి. వేళ్లు మొద్దుబారి ఉంటాయి, నోరు మాత్రం పదును. పిన్ని భయాల మీద జోకులు వేయడం ఆయనకు రోజూ ఉండే పని. ఈ షెడ్డులో మీరు భయపడని వస్తువు ఒక్కటి చూపించండక్కా, దానికి నా పేరు పెట్టుకుంటాను అనేవాడు. ఆ మనిషి ఇప్పుడు జోకు వేయలేదు. గుడ్డకు బయట, వెనక అంచుకు ఉండే రేకు పట్టీ మార్చింది ఆయనే. పాత రేకు తుప్పు తినేస్తే కొత్తది కోసి వంచి బిగించాడు. పుస్తకంలో చెప్పిన మందమే వాడానన్నాడు. మరి పావుకిలో ఎక్కడినుంచి వచ్చిందని కూతురు అడిగింది. తూచే ముందు నన్నడిగితే చెప్పేవాణ్ని, ఇప్పుడు నువ్వే చెప్పు అన్నాడు ఆయన. మాట మీద మాట పెరిగింది. మందం రేకు వాడుదామని పోయిన ఏడాది వాదించింది మీరే కదా అని కూతురు తవ్వి తీసింది. వాదించాను, వద్దన్నారు, మానేశాను అని ఆయన. మానేశారని ఎవరు చూశారు అని ఆమె.

ఆ ఒక్క ప్రశ్నతో మేస్త్రి మొహం మాడిపోయింది.

"అమ్మాయ్, తొమ్మిదేళ్లలో నా పని పక్కన ఎవరూ నిలబడి చూడలేదు. అవసరం రాలేదు," అన్నాడు. వెళ్లి తన స్టూలు తెచ్చుకుని, పలక వెనక అంచు దగ్గర కూర్చుని, తను బిగించిన రేకు మరలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. విప్పిన ప్రతి మరనూ పళ్లెంలో వేయకుండా, నేల మీద వరసగా, అందరికీ కనబడేట్టు పెడుతున్నాడు.

కుట్టుపిన్ని ఆ వరస చూస్తూ నిలబడింది.

ఆ పావుకిలో ఎక్కడిదో ఆమెకు తెలుసు.

పోయిన శనివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లారు. పలక మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఐదో పూత ఆరిపోయింది, కార్డు మీద సంతకాలు అయిపోయాయి. పిన్ని దుప్పటి ఎత్తి గుడ్డ మీద గోటితో కొట్టి చూసింది. డప్పులా మోగింది. అయినా మనసు ఒప్పుకోలేదు. ఆమె బతుకంతా యూనిఫారాల్లో గడిచింది. పిల్లలు పడతారని తెలిసి మోకాళ్ల దగ్గర లోపల ఇంకో గుడ్డ వేసి కుట్టేది. జేబులు చిరుగుతాయని తెలిసి రెండో కుట్టు వేసేది. అడిగినదానికంటే ఒక కుట్టు ఎక్కువ వేస్తే ఏ తల్లీ తిట్టిన పాపాన పోలేదు. కూతురు ఎక్కే విమానానికి ఇంకొక్క పూత. ఎవరికి నష్టం? డబ్బా మూత తీసి, కుంచె ముంచి, ముందునుంచి వెనక దాకా, వెనక అంచు దగ్గర ఇంకాస్త చిక్కగా పూసింది, ఆరాక మళ్లీ దుప్పటి కప్పేసింది. ఆ గంటసేపు ఆమెకు చాలా రోజుల తర్వాత నిశ్చింతగా అనిపించింది.

ఆ శనివారం గురించి తలుచుకుంటే ఇప్పుడు ఆమెకు ఏడుపు వస్తోంది. ఆ తర్వాతి బుధవారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనసు పక్కదారి పడుతోంది.

చెప్పేయాలి. నోరు తెరిచింది కూడా. కానీ ఇన్‌స్పెక్టరు ఫోన్‌లో కెప్టెనుతో మాట్లాడుతున్నాడు. గుడ్డదైతే మొత్తం ఊడదీసి మళ్లీ కుట్టాలి, పూతలు వేసి ఆరబెట్టాలి, పద్దెనిమిది రోజులు. రేకుదైతే ఇవాళే మార్చుకోవచ్చు, ఆదివారం ఎగరొచ్చు. అందుకే ముందు రేకు చూస్తున్నారు అని చెబుతున్నాడు. కూతురు ఆ మాటలు విని, దేవుడా రేకుదే అయి ఉండాలి అన్నట్టు కళ్లు మూసుకుంది. పిన్ని తెరిచిన నోరు మూసుకుని బయటికి నడిచింది.

బయట, షెడ్డు గోడ నీడలో, విమానం తోక బయటికి పొడుచుకొచ్చిన చోట, తోకతాత కూర్చుని ఉన్నాడు. తోకలో కూర్చునే తుపాకీ మనిషి కాబట్టి ఆయనకు ఆ పేరు. ఆయన్ని అలా పిలవకండ్రా అని కెప్టెను ఒకసారి కసురుకుంటే, పిలవనీ, ఇంతవరకు నాకు దక్కిన బిరుదు ఇదొక్కటే అని తాతే అన్నాడు. తొంభై ఆరేళ్లు. చక్రాల కుర్చీ, మోకాళ్ల మీద శాలువ, పక్కన ఆక్సిజన్ గొట్టం. డాక్టరు ఆయన ఆయుష్షు వారాల్లో చెబుతున్నాడు, నెలల్లో కాదు. యుద్ధంలో ఆ రోజు, తిరిగి రాని ఆ విమానంలో ఎక్కవలసిన ఏడో మనిషి ఆయనే. జ్వరం వచ్చిందని దింపేసి, ఆయన బదులు ఇంకొకణ్ని ఎక్కించారు. అందుకే ఆయన మిగిలాడు. ఆదివారం కోసమే ఇంకా ఉన్నాడని అందరూ అనుకుంటారు, పైకి అనరు.

లోపలి అరుపులు ఆయనకు వినబడే ఉంటాయి. కానీ ఆయన వేరే అడిగాడు.

"నీ కూతురు నిద్రపోతోందా సరిగ్గా?"

పోవడం లేదు, తనూ పోవడం లేదు అంది పిన్ని. ఆయన కుర్చీ పక్కన మెట్టు మీద కూర్చుంది. తర్వాత ఆమె, ఎందుకడిగిందో ఆమెకే తెలియదు, ఆ రోజు జ్వరం ఎంతుందని అడిగింది.

"పెద్దగా లేదు," అన్నాడు తాత. "నిలబడగలిగినంతే ఉంది. ఎక్కమని గట్టిగా అంటే ఎక్కేవాణ్ని. వద్దన్నారు. నాకు హాయిగా అనిపించిందమ్మా. దుప్పటి కప్పుకుని పడుకున్నాను. వాళ్ల ఇంజన్లు వినబడుతుంటే, హమ్మయ్య, ఇవాళ నేను కాదు అనుకున్నాను. నా బదులు ఎక్కినవాడి మొహం కూడా నేను చూడలేదు." శాలువ అంచు వేళ్లతో నలుపుతూ ఆగాడు. "డెబ్బై ఏళ్లు దాటింది. చచ్చిపోయిన వాళ్ల మీద బాధ కొంత తగ్గింది. ఆ హాయి మాత్రం ఇంకా ఇక్కడే ఉంది. అదే పోదు."

లోపల మేస్త్రి మరలు విప్పుతున్న చప్పుడు కిర్రు కిర్రుమని వినబడుతూనే ఉంది. ఒకటి. కాసేపటికి ఇంకొకటి. ఆమె లేచింది. చీర కుచ్చిళ్లు సరిచేసుకుంది, చెయ్యడానికి ఇంకేం తోచక. నన్ను కూడా తీసుకెళ్లు అన్నాడు తాత. ఎందుకని అడగకుండా కుర్చీ తోసుకుంటూ లోపలికి వచ్చింది.

మేస్త్రి అప్పటికే రేకు ఊడదీసి ఇన్‌స్పెక్టరు చేతికి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు మందం కొలిచే సాధనంతో మూడు చోట్ల పట్టి చూశాడు. పుస్తకంలో ఎంత ఉందో అంతే ఉంది. తేడా వెంట్రుకంత కూడా లేదు. మేస్త్రి ఎవరివైపూ చూడకుండా తన సుత్తులు, కత్తెరలు సంచిలో వేసుకుంటున్నాడు. కూతురు ఏదో చెప్పబోయి, ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఆయన సంచి పక్కన నిలబడి చేతులు నలుపుకుంటోంది.

"రేకుది కాదు," అంది పిన్ని. "నాది."

శనివారం సంగతి చెప్పింది. దుప్పటి ఎత్తడం, గోటితో కొట్టడం, యూనిఫారాల మోకాళ్లు, అన్నీ చెప్పింది. ఒక పూత ఎక్కువ వేశానంది. కార్డులో రాయలేదంది. అంతవరకే చెప్పింది.

కూతురు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని నేల మీద కూలబడింది. కోపం రావలసిన చోట ఒక రకమైన నవ్వు వచ్చింది, అది నవ్వూ కాదు. తొమ్మిదేళ్లు చెబుతూనే ఉన్నాను, ఇది యూనిఫారం కాదు, ఎక్కువ వేస్తే గట్టి కాదు అని చెబుతూనే ఉన్నాను అంటూ అదే మాట మూడుసార్లు అంది. చివరికి తల ఎత్తి మేస్త్రి వైపు చూసింది.

"బాబాయ్, తప్పయిపోయింది. ఎవరు చూశారని అడిగాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది."

మేస్త్రి సంచిలోకి వెళ్లిన సుత్తిని మళ్లీ బయటికి తీసి బల్ల మీద పెట్టాడు. అదే ఆయన క్షమించడం. పైగా పిన్ని వైపు తిరిగి మాట కలిపాడు కూడా. "పోనీలే అమ్మాయ్. అక్క మీద కూడా ఎగరకు. వెనక బరువు పెరిగితే ఏమవుతుందో పాపం అక్కకేం తెలుసు, ఆమెకు ఎవరు చెప్..."

మాట అక్కడ ఆగిపోయింది. ఆయన పిన్ని మొహంలోకి చూశాడు. ఏదో గుర్తొచ్చినట్టు చూశాడు. తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు.

ఇది కూతురు గమనించలేదు. ఇన్‌స్పెక్టరు గమనించాడో లేదో తెలియదు. ఆయన పలక మీదికి వంగి ఉన్నాడు.

"ఒక్క పూతేనా అమ్మా?" అని వంగే అడిగాడు ఇన్‌స్పెక్టరు.

పిన్ని తల ఊపింది. ఊపిందో లేదో ఆమెకే తెలియలేదు.

ఈ షెడ్డులో పూతలకు ఒక పద్ధతి ఉంది. ఒక పూతలో వెండి పొడి కలుపుతారు, తర్వాతి దానిలో ఎర్ర రంగు. మళ్లీ వెండి, మళ్లీ ఎరుపు. కింది రంగు ఎక్కడైనా కనబడితే అక్కడ పూత తప్పిందని అర్థం. మొదటిది వెండి కాబట్టి ఐదోది కూడా వెండి. ఆరో పూత వేస్తే పలక పైన ఎర్రగా ఉండాలి.

పలక పైన వెండి మెరుస్తోంది.

ఇన్‌స్పెక్టరు పెట్టెలోంచి దూది తీశాడు, సీసాలోంచి పూతను కరిగించే మందు రెండు చుక్కలు పోశాడు, వెనక అంచు మూల రూపాయి బిళ్లంత మేర నెమ్మదిగా రుద్దాడు. దూదికి వెండి అంటింది. పక్కన పెట్టాడు. ఇంకో దూది. ఎరుపు. ఇంకోటి. వెండి. ఎరుపు. వెండి. ఎరుపు. వెండి. తర్వాత గుడ్డ పోగులు కనబడ్డాయి. దూది ఉండలు ఏడూ కాగితం మీద వరసగా ఉన్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టి చూపించలేదు. అక్కర్లేదు.

కూతురు లేచి వచ్చి ఆ వరస చూసింది. చాలాసేపు చూసింది. ఆమె తెలివైన పిల్ల. తల్లికి తప్పించుకునే దారి కూడా తనే వేసింది.

"ఆరోది ఎరుపు కదా, పైకి కనబడుతుందని భయపడి దాని మీద వెండి కొట్టేశావు. రెండూ శనివారమే వేశావు. అంతేగా అమ్మా?"

గొంతు మెత్తగా ఉంది. అవునను, అవునంటే చాలు, తిట్టి ఊరుకుంటాను అన్నట్టుంది. మేస్త్రి తల ఎత్తలేదు. అవునంటే ఆయన కూడా ఊరుకుంటాడని పిన్నికి తెలుసు. ఈ తొమ్మిదేళ్లలో ఆయన ఆమె మీద వేయని జోకు లేదు, ఆమె గురించి బయటపెట్టిన మాట ఒక్కటీ లేదు.

అవును అనడానికి రెండు పెదవులు కదిలిస్తే సరిపోతుంది.

ఇన్‌స్పెక్టరు కలం మూత తీసి పట్టుకుని ఉన్నాడు, కార్డు మీద తేదీ రాయడానికి. ఆపిన ఫ్యాను రెక్కలు గాలికి కొద్దిగా తిరిగి ఆగాయి. బయట రోడ్డు మీద ఏదో బండి గేరు మార్చుకుంటూ వెళ్లిపోయింది. తోకతాత కుర్చీ పక్కన ఆక్సిజన్ సన్నగా బుసకొడుతోంది. ఆయన పిన్నినే చూస్తున్నాడు, తొందరపెట్టకుండా. పిన్ని కూతురి మొహం చూసింది. నుదుటి మీద గ్రీజు మరక ఉంది. ఇంకేదైనా రోజైతే కొంగుతో తుడిచి ఉండేది. ఇవాళ చెయ్యి లేవలేదు. నువ్వు ఎక్కకూడదు అన్న మాట ఈ పిల్లతో ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా అంది. వినలేదు. పక్షి అంది, చక్రం అంది, గుండెనొప్పి అంది. ఒక్కసారైనా ఆగి, అసలు నీ భయం ఏంటమ్మా అని అడిగినవాళ్లు లేరు. ఆ ఉక్రోషం గొంతుదాకా వచ్చింది. దాంతోపాటు ఇంకోటి కూడా వచ్చింది. దానికి ఏం పేరు పెట్టాలో ఆమెకు తెలియలేదు.

"అమ్మా," అంది కూతురు మళ్లీ. ఈసారి గొంతులో మెత్తదనం తగ్గింది. "ఏడోది ఎప్పుడు వేశావు?"

కలం కాగితానికి అంగుళం పైన ఆగి ఉంది. మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. కిటికీలోంచి పడే ఎండ పలక మీదినుంచి జరిగి నేల మీది మరల వరసను అందుకుంది.

"బుధవారం," అంది కుట్టుపిన్ని. "వెనక పావుకిలో పెరిగితే చాలు, సార్ దీన్ని ఎగరనివ్వడని మంగళవారం మేస్త్రి నాతో చెప్పాడు. అది విన్నాకే వేశాను."